హమ్మాదికి సలాం

నాకు పెళ్ళి కుదిరిన వేసవిలో మా నానమ్మ ఒక ప్రభుత్వోద్యోగితో స్నేహం మొదలుపెట్టింది. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఎక్కడుంటాడో తెలియదు, పేరు కూడా తెలియదు. పేరు లేని మనిషితో మాట్లాడడం మర్యాద కాదని తనే ఒక పేరు పెట్టేసింది. ఆ పేరు పట్టుకుని మా మహ్దియా ఊళ్ళో పోలీసులు వీధి వీధీ గాలించారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మా నాన్నకి అన్నం సయించలేదు.

మా మేనత్త రఫీకా మార్సేయ్‌లో ఉండేది. ఆమె భర్త బషీర్ మామయ్య ఫాస్ఫేట్ గనుల్లో కార్మికుల సంఘం నడిపేవాడు. అరెస్టు తప్పదని తెలిసి ఆమెను వెంటబెట్టుకుని సముద్రం దాటి వెళ్ళిపోయాడు. ఆయన అక్కడే పోయాడు. అత్త పాస్‌పోర్టు గడువు ఎప్పుడో తీరిపోయింది. కొత్తది ఇమ్మని అక్కడి మా దేశ కాన్సులేటుకి వెళ్ళినప్పుడల్లా "వచ్చే నెల రండి" అనేవాళ్ళు. పన్నెండేళ్ళుగా ఆ వచ్చే నెల రాలేదు.

మా ఇళ్ళల్లో పెళ్ళికూతురికి జరీ అంగీ తొడిగేది మేనత్తే. మేనత్త లేకపోతే వరసకి ఎవరో ఒకరు తొడగొచ్చు. అమ్మ అదే అంది. నానమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"రఫీకా వచ్చి తొడగాల్సిందే. అది రాకపోతే పిల్ల వంటింటి గౌనులోనే అత్తారింటికెళ్తుంది," అంది.

"రానిచ్చేది నువ్వా అమ్మా?" అన్నాడు నాన్న.

"రానివ్వనిది నువ్వా?" అంది నానమ్మ.

నాన్న పురపాలక కార్యాలయంలో నీళ్ళ విభాగంలో గుమాస్తా. ఆయన భయం ఊరందరికీ తెలుసు. కార్యాలయంలో గోడమీది దేశాధ్యక్షుడి ఫొటో ముందు నుంచి నడిచేటప్పుడు చొక్కా పై గుండీ పెట్టుకునేవాడు. చెల్లెలి పేరు ఇంట్లో కూడా గొంతు తగ్గించి పలికేవాడు. అందుకే అత్తకి మెయిళ్ళు రాసే పని నా నెత్తిన పడింది.

మా వీధి చివర జల్లూల్ నెట్ సెంటర్ ఉండేది. అక్కడ కంప్యూటర్ల తెరలన్నీ జల్లూల్ బల్ల వైపే తిరిగి ఉండాలి. ఎవరేం చూస్తున్నారో అతను చూస్తూ ఉండాలి. అతను సరిగ్గా చూస్తున్నాడా లేదా అని చూసేవాళ్ళు వేరే ఉన్నారు. పాపం అతనికి తలనొప్పి తగ్గిన రోజు నేను ఎరగను.

మే నెలలో ఒక గురువారం నానమ్మ తల మీంచి తెల్లటి సఫ్సారీ దుప్పటి నిండా కప్పుకుని నాతో వచ్చింది. అత్త ఉత్తరం తెరిచి చదువుతున్నాను. మార్సేయ్‌లో చేపల ధరలు, అత్త మోకాళ్ళ నొప్పి, పై అంతస్తు ఆవిడతో గొడవ. సగంలో ఉండగా అక్షరాలు మాయమైపోయి తెరనిండా తివాచీల ప్రకటన వచ్చింది.

"ఆపేశావేం?" అంది నానమ్మ.

"పోయింది."

"ఎక్కడికి పోయింది?"

నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "మధ్యలో ఎవరో చదువుతారు నానమ్మా. వాళ్ళకి నచ్చకపోతే ఇలా చేస్తారు."

భయపడుతుందనుకున్నాను. ఆమె ముఖం విప్పారింది.

"ఓహో. మళ్ళీ పెట్టారన్నమాట," అంది.

ఆమె సంతోషం ఎందుకో చెప్పాలి. మా తాత ఓడల్లో పనిచేసేవాడు. ఆయన ఉత్తరాలు వస్తే మా సందులో చదవగలిగినవాళ్ళు లేరు. హమ్మాది అనే పోస్టుమాను వాకిట్లో చాప మీద కూర్చుని, నారింజపూల నీళ్ళు చుక్క వేసిన కాఫీ తాగి, ఉత్తరం పైకి చదివేవాడు. అత్తగారి ముందు చదవకూడనివి దాటేసేవాడు. చెడ్డకబురు ఉంటే నెమ్మదిగా చదివేవాడు. జవాబు కూడా అతనే రాసిపెట్టేవాడు. ఉత్తరమంటే ఇద్దరి మధ్య రహస్యమని మా నానమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆమె లెక్కలో ఉత్తరం ఎప్పుడూ ముగ్గురిది.

"మరి ఇతనికి కాఫీ ఎవరిస్తున్నారు?" అంది, మామూలు గొంతుతో. ఆమె మామూలు గొంతు అవతలి వీధికి వినబడుతుంది.

"ఎవరికి నానమ్మా?"

"మన ఉత్తరాలు చదివేవాడికి."

నెట్ సెంటర్లో టకటకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. జల్లూల్ కుర్చీ తోసుకుని లేచాడు.

"అవ్వా, నీకు పుణ్యముంటుంది. నా కొట్టు మూయించకు. అలాంటివాళ్ళు ఎవరూ లేరు."

"లేకపోతే నా కూతురి ఉత్తరం నువ్వు మింగావా?"

"నేనెందుకు మింగుతాను?"

"అయితే ఉన్నాడుగా." నా వైపు తిరిగింది. "రాయవే సోందుస్. ముందు ఆ చదివే బాబుకి సలాం రాయి. మనిషి ఎదురుగా ఉంటే పలకరించకుండా మన గొడవ మనం మాట్లాడుకోవడం ఏం పద్ధతి?"

జల్లూల్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. చదివేవాడున్నాడని అందరికీ తెలుసు. తెలుసని రాయడమే నేరం. ఆమెను ఒప్పించడం నా తరం కాదు కాబట్టి మధ్యేమార్గం వెతికాను.

"చదివే బాబు అని వద్దు నానమ్మా. పేరు పెట్టి రాద్దాం. ఏ పేరైనా చెప్పు."

"హమ్మాది అని రాయి. ఈ పనికి ఇంకో పేరు నా నోటికి రాదు."

ఆ రోజు ఆమె చెప్పినట్టే రాశాను. హమ్మాదికి సలాం. హమ్మాది వేళకి భోంచేస్తున్నాడా. ఈ ఎండల్లో హమ్మాదిని జాగ్రత్తగా ఉండమని చెప్పు. రఫీకా, నువ్వు పంపింది సగమే అందింది, తక్కిన సగం హమ్మాది దగ్గర ఉండిపోయింది, తొందరగా పంపించమను. చదివి వినిపిస్తే నానమ్మ తృప్తిగా తలాడించింది. నాకూ అందులో తప్పేమీ కనబడలేదు. ఇరవై రెండేళ్ళ పిల్లని, పెళ్ళి కుదిరింది, నా బుర్ర ఎక్కడుందో నాకే తెలియదు.

తర్వాత గురువారం జవాబొచ్చింది. "హమ్మాది ఎవరమ్మా? ఎవరైతేనేం, నా సలాం కూడా చెప్పు," అని రాసింది అత్త. చిత్రమేమిటంటే ఆ ఉత్తరం పూర్తిగా వచ్చింది. ఆ తర్వాతివీ అంతే. తివాచీలు మళ్ళీ కనబడలేదు.

"చూశావా, మనిషిని మనిషిలా పలకరిస్తే ఎంత శ్రద్ధగా పనిచేస్తున్నాడో," అంది నానమ్మ.

ఆ శ్రద్ధ దేనికో జూన్‌లో తెలిసింది. మొదట చేపలమ్మే హమ్మాదిని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. తర్వాత క్షౌరశాల హమ్మాదిని, ఆ తర్వాత పట్టు మగ్గాల దగ్గర పనిచేసే హమ్మాదిని. ముగ్గురినీ ఒకటే అడిగారట, మార్సేయ్‌లో నీకెవరు తెలుసు, నీ దగ్గరున్న తక్కిన సగం ఏమిటి అని. చేపల హమ్మాది తన దగ్గర సగం ట్యూనా చేప ఉందని ఒప్పుకున్నాడట. హమ్మాదీలకి ఈ ఏడు దిష్టి తగిలిందని ఊళ్ళో ఒకటే నవ్వులు. మా పక్కింట్లో పుట్టిన మగపిల్లాడికి తాత పేరు హమ్మాది అని పెట్టబోయినవాళ్ళు గబగబా మార్చేసుకున్నారు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ సాయంత్రం నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన వింటూ వింటూ మెట్టు మీద కూలబడ్డాడు.

"కొంప ముంచారు కదే ఇద్దరూ కలిసి," అన్నాడు.

"నేను ముంచడమేంట్రా తుహామీ," అంది నానమ్మ లోపల్నుంచి. "సలాం చెప్పడం కూడా తప్పేనా మీ కాలంలో?"

రెండ్రోజుల తర్వాత నాన్నని రమ్మని కబురొచ్చింది. ఉత్తరాలు రాసే అమ్మాయిని కూడా తీసుకురమ్మన్నారు.

దారిలో నాన్న నాకు పాఠం చెప్పాడు. "నిజం చెప్పేద్దాం. ముసలావిడ, చాదస్తం, చచ్చిపోయిన పోస్టుమానుని తలచుకుంటోంది అందాం. నాలుగు తిట్లు తిట్టి పంపేస్తారు." నేను సరేనన్నాను. ఆయన మెడ దగ్గర గుండీ పెట్టుకున్నాడు. మెట్లెక్కుతూ మళ్ళీ పెట్టుకోబోయాడు, అది పెట్టే ఉంది.

గదిలో ఇద్దరున్నారు. బల్ల వెనక భారీ శరీరంతో పెద్ద అధికారి. మూల చిన్న బల్ల దగ్గర గోధుమరంగు కోటు వేసుకున్న నడివయసు మనిషి, ముందు జుట్టు ఊడిపోయి, కళ్ళు ఎర్రగా, ఏదో రాసుకుంటున్నాడు.

"హమ్మాది ఎవరు?" అన్నాడు పెద్ద అధికారి.

"ఏ హమ్మాది అండీ?"

"మీ అమ్మగారు సలాములు చెబుతూ ఉంటారే, ఆ హమ్మాది."

"ఎక్కడ చెప్పిందండీ?" అన్నాడు నాన్న. వెటకారం కాదు, భయంలో నోరుజారి అడిగేశాడు.

పెద్ద అధికారి నోరు తెరిచి, మూసి, గొంతు సవరించుకున్నాడు. మీ ఉత్తరాలు చదివామని ఆయన అనలేడు. మీరు చదివారు కదా అని మేము అనలేము. ఎవరి ఉత్తరాలూ ఎవరూ చదవరన్నది ఆ రోజుల్లో మా దేశంలో అందరమూ భుజాలు మార్చుకుంటూ మోసిన అబద్ధం. ఆ గదిలో నలుగురమూ దాన్ని కింద పడకుండా పట్టుకుని నిలబడ్డాం.

"మాకు తెలిసింది," అన్నాడు చివరికి. "మీ చెల్లెలు కూడా అతనికి సలాములు పంపుతోంది. ఆవిడకి బాగా తెలిసినవాడేనా?"

ఇక నాన్న చెబుతాడు, ముసలావిడ, చాదస్తం, పోస్టుమాను. నేను తల వంచుకుని సిద్ధంగా ఉన్నాను. నాన్న కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"తెలిసే ఉంటుందండీ," అన్నాడు.

"ఎక్కడుంటాడు?"

"అది నాకు తెలియదండీ. రఫీకాకే తెలియాలి."

"మీ ఇంటికి వస్తుంటాడా?"

"రఫీకా లేకుండా మా ఇంటికి ఎందుకొస్తాడండీ. జులై ఆఖర్లో మా అమ్మాయి పెళ్ళి. రంజాన్‌కి ముందే చేసేస్తున్నాం. రఫీకా వస్తే, అతనూ వస్తాడేమో."

మూలనున్న మనిషి కలం ఆగింది. ఆయన తలెత్తి ఒక్కసారి నాన్నని, ఒక్కసారి నన్ను చూసి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

బయటికొచ్చాక నాన్న ఇంటివైపు కాకుండా సముద్రం వైపు నడిచాడు. ఒడ్డున శ్మశానంలో తెల్లటి సమాధులు దాటాక రాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"నేనేమన్నానే?"

"హమ్మాది పెళ్ళికొస్తాడన్నావు."

"అన్నానా?"

"అన్నావు నాన్నా."

"మనం అలా అనుకోలేదు కదా?"

"లేదు."

ఆయన ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. భుజాలు ఎగిరిపడుతున్నాయి. నవ్వుతున్నాడు. నాకూ నవ్వు ఆగలేదు. గాలాలు వేసుకుని కూర్చున్న ముసలాళ్ళిద్దరు మావైపు చిరాగ్గా చూశారు. మా నాన్న అంత గట్టిగా నవ్వగలడని నాకు అంతవరకూ తెలియదు. నాకు ఆయనంటే ఆ క్షణంలో ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను.

తర్వాత నవ్వు దానంతటదే తగ్గిపోయింది. "నిజంగానే రానిస్తారనుకో," అన్నాడు. "రేవులోనే పట్టుకుంటే? నా నోటితో నేనే దాన్ని పిలిచి అప్పగించినట్టు కాదూ?"

ఆయన ఆ నెలంతా సరిగ్గా నిద్రపోలేదు. అత్తకి హెచ్చరిక రాద్దామంటే రాసే దారి అదొక్కటే, ఆ దారిలోనే వాళ్ళు కూర్చుని ఉన్నారు.

జులై మొదటి వారంలో అత్త ఉత్తరం వచ్చింది. కాన్సులేటువాళ్ళే ఫోన్ చేసి పిలిచారట. కుర్చీ వేసి కూర్చోబెట్టారట. పాస్‌పోర్టు చేతిలో పెట్టి, పెళ్ళికి తప్పకుండా వెళ్ళిరండి అన్నారట. ఓడ టికెట్టు కొనేసింది. చదవడం పూర్తయ్యేలోపే నానమ్మ నాలుక తిప్పుతూ పెళ్ళికేక వేసింది. వెనక బల్ల దగ్గరున్న ఆడవాళ్ళు, ఎందుకో ఏమిటో తెలియకుండానే, అందుకున్నారు. జల్లూల్ బల్ల మీద తల వాల్చేశాడు.

గులెట్ రేవులో మేము చూస్తుండగా ఓడ దిగినవాళ్ళందరూ వచ్చేశారు. కార్లు, గొళ్ళెం ఊడిన పెట్టెలు, ఏడుస్తున్న పిల్లలు, అంతా అయిపోయారు. అత్త రాలేదు. నాన్న కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఆఖర్న, రెండు సంచులు ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ అత్త వచ్చింది.

నానమ్మ ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ముద్దు పెట్టుకోలేదు, ఏడవలేదు. మెడ దగ్గర వాసన చూసింది, పసిపిల్లల్ని చూసినట్టు. "సబ్బు మార్చావు," అంది. అప్పుడు ఏడ్చింది అత్త.

కారెక్కి అద్దాలన్నీ మూసుకున్నాక అత్త మెల్లగా అడిగింది. "ఒరేయ్ అన్నయ్యా, ఎవర్రా ఈ హమ్మాది? కాన్సులేటులో రెండుసార్లు అడిగారు. నాకేం చెప్పాలో తోచక, మా అమ్మకి బాగా కావలసిన మనిషి అన్నాను."

నాన్న సంగతంతా చెప్పాడు.

"నేనింకా అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుందేమో అనుకున్నాను," అంది అత్త.

"ఈ వయసులో ఇంకొకడికి వండిపెట్టే ఓపిక నాకెక్కడిదే," అంది నానమ్మ.

మహ్దియా చేరేదాకా ఆ కారులో నవ్వులే. ఆ ఉక్కలో అద్దాలు దించుకోవాలన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

గోరింటాకు రోజు మధ్యాహ్నం ఇల్లంతా జనం. కింద వాకిట్లో మగవాళ్ళు భోజనాలకి కూర్చున్నారు. పై గదిలో అత్త నాకు జరీ అంగీ తొడుగుతోంది. అది మనిషంత బరువు. ఆమె చేతిలోంచి గుండుసూదులు కింద పడుతున్నాయి, నా పెళ్ళి పాటలు తనే అపశ్రుతిలో పాడుతోంది. కిటికీ చట్రం సందుల్లోంచి వాకిలి కనబడుతోంది. అక్కడ గోడవారగా గోధుమరంగు కోటు మనిషి నిలబడి ఉన్నాడు.

అంత ఎండలో కోటు విప్పలేదు. ఏమీ తినడం లేదు. లోపలికొచ్చే ప్రతి మగవాడి ముఖమూ చూస్తున్నాడు. నాన్న అతిథుల మధ్య తిరుగుతూ ఆయన వైపు మాత్రం చూడడం లేదు, అది చూస్తున్నదానికంటే ఎక్కువగా తెలిసిపోతోంది. అత్త పాట ఆపేసింది.

"వాడేనా?" అంది.

"అతనే."

నానమ్మ మెట్ల మీద నిలబడి మా మాటలు వింటోంది. మేము చూసుకోలేదు. "ఎవరూ? ఉత్తరాలు చదివే ఆయనా?" అంది. నేను వద్దు నానమ్మా అనేలోపే మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగిపోయింది. వంటింట్లోంచి పెద్ద పళ్ళెం నిండా గోధుమరవ్వ కుస్కుస్, పైన తల తీయని చేప పెట్టించుకుని వాకిట్లోకి వెళ్ళింది.

"హమ్మాదీ, వచ్చావా నాయనా," అంది.

వాకిట్లో చెంచాలు ఆగిపోయాయి. చేపల హమ్మాది, క్షౌరశాల హమ్మాది ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు.

"మీరు కాదురా, కూర్చోండి," అంది నానమ్మ. "ఈయన. ఎర్రగా ఎలా అయిపోయాయో చూడండి కళ్ళు. మా ఉత్తరాలు చదివీ చదివీ. కూర్చో నాయనా, నువ్వు నిలబడితే మాకు ముద్ద దిగదు."

అందరమూ భుజాలు మార్చుకుంటూ మోసినదాన్ని మా నానమ్మ వాకిలి మధ్యలో దింపేసింది. నాన్న చేతిలో నీళ్ళకూజా ఉంది, అది వంగి నీళ్ళు చాప మీద పోతున్నాయి. ఆ మనిషి ఒక్క మాట అంటే చాలు. అత్త మళ్ళీ మార్సేయ్ కాదు, మా ఇల్లు కూడా కాదు, ఏ జైలుకి వెళ్తుందో మాకు తెలియదు.

ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో పైకి వినబడలేదు, నానమ్మ తర్వాత చెప్పింది. "వేళకి భోంచేస్తున్నాడా అని రాసింది, నన్నేనా అవ్వా?" అన్నాడట.

"ఇంకెవర్ని," అందట నానమ్మ.

ఆయన ఇంకా కాసేపు నిలబడ్డాడు. తర్వాత కోటు విప్పి మడతపెట్టి పక్కన పెట్టుకుని చాప మీద కూర్చున్నాడు. క్షౌరశాల హమ్మాది జరిగి చోటిచ్చాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తలెత్తకుండా తిన్నాడు. చేతులు కడుక్కుని, నాన్న వైపు తలవంచి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

"అంగీ సరిగ్గా నిలబడలేదు, తిరుగు," అంది అత్త. నేను తిరిగాను. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది.

కానీ భోంచేసి వెళ్ళినవాడు ఏం రాస్తాడో ఎవరికి తెలుసు. అత్త తిరిగి ఓడెక్కడానికి ఇంకా కొన్నాళ్ళుంది. వీధిలో కారు ఆగితే చాలు, నాన్న నీళ్ళు తాగడం ఆపేసేవాడు. పుట్టింటికి చూడడానికి వచ్చిన నన్ను కూడా గడియ వేసుకోమని కసిరాడు. అలా ఉండగా ఒక పొద్దున ఆయన వచ్చాడు. ఒక్కడే, నడిచి వచ్చాడు. కోటు లేదు.

నాన్న కుర్చీ వేశాడు. అత్త లేచి నిలబడింది. నానమ్మ కాఫీకి నీళ్ళు పెట్టమంది.

"పైవాళ్ళకి రాయాలి," అన్నాడాయన. "పెళ్ళికి హమ్మాది వచ్చాడా, రాలేదా?"

నానమ్మ నోరు తెరవబోతుంటే నేను ఆమె చెయ్యి నొక్కాను. ఆయన అది చూశాడు. మొదటిసారి నవ్వాడు, అలవాటు లేని నవ్వు.

"రాలేదనే రాస్తాను," అన్నాడు. "వాడు అంత తేలిగ్గా దొరికే మనిషి కాదు. ఒక్క రాకకే బయటపడతాడనుకోవడం పొరపాటు. కానీ మీ చెల్లెలుగారు ఏటా ఒకసారి వచ్చి వెళ్తూ ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. ఇదీ నా అభిప్రాయం. నా అభిప్రాయానికి అక్కడ విలువ ఉంది."

ముందు తేరుకున్నది నాన్నే. కళ్ళజోడు తీయలేదు, గుండీ వైపు చెయ్యి పోలేదు.

"ఏ నెలలో అయితే దొరికే అవకాశం ఎక్కువంటారు?" అన్నాడు.

"ఆలివ్ కాయలు దులిపేటప్పుడు ఎలా ఉంటుంది?"

"అప్పుడైతే వచ్చి నెలరోజులు ఉండాలి మరి," అంది అత్త. "రెండు రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు?"

"నెల తప్పదు," అన్నాడాయన గంభీరంగా.

నానమ్మ కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగి, లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"సలాములు మానేయకండి అవ్వా. హఠాత్తుగా ఆగిపోతే పైన అనుమానపడతారు," అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, మా ఎవరి వైపూ చూడకుండా, "పొద్దస్తమానం ఊరందరివీ చదువుతాను. నాకు సలాం అని రాసింది మీరొక్కరే," అన్నాడు.

ఆ సాయంత్రం నానమ్మ సఫ్సారీ కప్పుకుని బయల్దేరింది. నేనూ అత్తా వెంట వెళ్ళాం. జల్లూల్ మమ్మల్ని చూసి ఏమీ అనలేదు, మూలనున్న కంప్యూటర్ చూపించి తను తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. ఈసారి అత్తే మీటల ముందు కూర్చుంది.

"ఎవరికి రాయాలమ్మా? నేను ఇక్కడే ఉన్నాను కదా," అంది.

"నీ పేరుకే పంపు. ఎప్పుడూ వెళ్ళే దారినే వెళ్ళాలిగా," అంది నానమ్మ. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి తగ్గించి మాట్లాడింది.

"హమ్మాదికి సలాం. నా కూతురు ఇంటికొచ్చింది నాయనా. వీలు చూసుకుని నువ్వు కూడా ఒకసారి మీ అమ్మ దగ్గరికి వెళ్ళిరా."